గ్రీన్‌హౌస్ కీర ఆకులు పాలిపోతున్నాయి, టమాటాలో తెల్లదోమ. ఘాటు మందులు లేకుండా దారి ఉందా?

మొలక:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా మీ పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాది చిన్న గ్రీన్‌హౌస్. ఒక వరస కీర, రెండు వరసలు టమాటా, చివర్లో కాప్సికం, తలుపు పక్కన కొన్ని గులాబీ కుండీలు. కీర ఆకుల పైభాగాన సూదితో పొడిచినట్టు లేత చుక్కలు వచ్చాయి. ఇప్పుడు అవన్నీ కలిసిపోయి ఆకంతా పాలిపోతోంది, కింది ఆకులు ఎండిపోతున్నాయి. టమాటా మొక్కను కదిపితే తెల్లటి చిన్న పురుగులు గుంపుగా లేచి మళ్లీ ఆకుల కిందికే చేరుతున్నాయి. ఆకుల మీద జిగురు, దాని మీద నల్లటి మసి. వేపనూనె కొడుతున్నాను. కాస్త తగ్గినట్టే ఉండి మళ్లీ మామూలే. పిల్లలు కాయలు కోసి అక్కడే తినేస్తారు కాబట్టి ఘాటు మందుల జోలికి పోదలచుకోలేదు. ఇవి రెండూ ఒకటే పురుగా? దేనికేం చేయాలి?

తీగపందిరి:
రెండూ వేరు మొలక గారూ. టమాటాది తెల్లదోమ, అందులో అనుమానం లేదు. కీరది నల్లి అయి ఉండాలి (మంచాల్లో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే సాలీడు జాతి చిన్న జీవి), కానీ చూడకుండా చెప్పను. తెల్ల కాగితం పట్టుకుని పాలిపోయిన ఆకును దాని మీద గట్టిగా తట్టండి. రాలిన నలుసుల్లో కొన్ని మెల్లగా నడుస్తుంటే నల్లే. భూతద్దం ఉంటే ఆకు అడుగున చూడండి. అర మిల్లీమీటరు ఉంటుంది, ఎనిమిది కాళ్లు, ఒంటికి అటూ ఇటూ చెరో నల్ల మచ్చ. ఎర్రనల్లి అంటాం గానీ చాలాసార్లు లేత పచ్చగానో పసుపుగానో ఉంటుంది, ఎర్రగా లేదని వదిలేయకండి. ఈనెల మూలల్లో సాలెగూడు లాంటి సన్నటి గూడు కనబడితే ఇక చెప్పక్కర్లేదు.

తామర పురుగులైతే (ఆకుల్ని, పువ్వుల్ని గీకి రసం పీల్చే సన్నటి పురుగులు) చుక్కల బదులు వెండి పూత పూసినట్టు చారలుంటాయి, వాటి మధ్య నల్లటి రెట్ట చుక్కలు. కాప్సికంలో అదీ చూడండి.

మొలక:
చూశాను. కాగితం మీద నలుసులు నడుస్తున్నాయి. గూడు కూడా ఉంది, వేడి ఎక్కువగా ఉండే మూల మొక్కలకే ఎక్కువ. కాప్సికంలో చారలేవీ లేవు. టమాటా కింది ఆకుల్లో మాత్రం ఒక వింత కనబడింది. తెల్లదోమ పిల్లలు పొలుసుల్లా ఆకుకు అతుక్కుని ఉన్నాయి కదా, వాటిలో కొన్ని నల్లగా మారాయి. వేపనూనెకు చచ్చినవా?

కుండీలశాస్త్రి:
ముందు ఆ వేపనూనె ఆపండి! అవి మందుకు చచ్చినవి కావు. మీ గ్రీన్‌హౌస్‌లోకి ఎన్‌కార్సియా ఫార్మోసా వచ్చినట్టుంది. అర మిల్లీమీటరు దాటి కాస్త ఉండే చిన్న కందిరీగ జాతి పురుగు, మనుషుల్ని కుట్టదు. తెల్లదోమ పిల్ల లోపల గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలి నుంచే తిని పెరుగుతుంది. గ్రీన్‌హౌస్ తెల్లదోమ అయితే సుమారు పది రోజుల్లో ఆ పొలుసు నల్లబడుతుంది.

భూతద్దంతో ఖాళీ పొలుసులు కూడా చూడండి. గుండ్రటి కన్నం ఉంటే లోపలి నుంచి ఎన్‌కార్సియా బయటికొచ్చినట్టు. ఆంగ్ల అక్షరం టీ ఆకారంలో చీలిక ఉంటే తెల్లదోమే బతికి వెళ్లిపోయినట్టు. ఏది గెలుస్తోందో ఈ రెండు గుర్తులే చెప్పేస్తాయి.

ఈ పురుగు కథ కూడా మీలాగే మొదలైంది. 1926లో ఇంగ్లండ్‌లో ఒక టమాటా తోటమాలి నల్లబడ్డ పొలుసులు చూసి, ఇదేమిటని నిపుణులకు చూపించాడు. అక్కడి చెషంట్ పరిశోధన కేంద్రం వాళ్లు దాన్ని పెంచి తోటలకు పంపడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ లాంటి మందులు రావడంతో దాన్ని మర్చిపోయారు. పురుగులు మందులకు అలవాటు పడిపోయాక మళ్లీ గుర్తొచ్చింది.

మొలక:
నమ్మలేకపోతున్నాను. నేను కొనలేదు, తేలేదు, మరి ఎలా వచ్చింది? ఇంకో సంగతి. గాలి తగలాలని టమాటా కింది ఆకులు కోసి పారేద్దామనుకున్నాను. కోయొచ్చా?

కుండీలశాస్త్రి:
ఎక్కడి నుంచైనా తెచ్చిన నారుతో, కుండీతో వచ్చి ఉంటుంది. కింది ఆకులు కోయడంలోనే ఉంది కిటుకు. తెల్లదోమ గుడ్లు లేత ఆకుల మీద పెడుతుంది, పిల్లలు ఎదిగేసరికి ఆ ఆకులు కిందివైపు అయిపోతాయి. అంటే నల్ల పొలుసులన్నీ కింది ఆకుల్లోనే ఉంటాయి. వాటిని సంచిలో కట్టి బయట పారేస్తే మీ సైన్యాన్ని మీరే బయటికి పంపినట్టు. నల్ల పొలుసులు బాగా ఉన్న ఆకుల్ని కోసినా మొక్క మొదట్లోనే కొన్నాళ్లు ఉంచండి, పురుగులు బయటికొచ్చాక తీసేయొచ్చు. తెల్ల పొలుసులే ఉన్న ఆకుల్ని మాత్రం నిర్మొహమాటంగా పారేయండి.

సూటిమాట:
ఇదంతా బాగానే ఉంది గానీ, ఎవరి దగ్గర భూతద్దం పట్టుకు కూర్చునే తీరిక ఉంటుంది? సబ్బునీళ్లు, వేపనూనె, పసుపు జిగురు అట్టలు. ఇవి మూడూ ఉంటే ఏ పురుగైనా అదుపులోకి వస్తుంది. పురుగుల్ని కొని తోటలో వదలడం నాకెప్పుడూ నచ్చలేదు. మొలక గారూ, సబ్బు సరిగ్గా కొట్టి చూశారా?

తీగపందిరి:
సూటిమాట అన్నా, సబ్బు మంచిదే, నేనూ వాడతాను. కానీ అది తడిసిన పురుగునే చంపుతుంది, ఆరాక దానికి ఏ బలమూ ఉండదు. గుడ్లను పెద్దగా ఏమీ చేయదు. కాబట్టి ఆకు అడుగు కారేలా తడపాలి, ఐదారు రోజులకోసారి కనీసం మూడుసార్లు. తెల్లదోమ గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేసరికి వెచ్చటి వాతావరణంలో మూడు నాలుగు వారాలు పడుతుంది, ఒక్క పిచికారీతో అయిపోతే అది అద్భుతమే. మొలక గారికి మళ్లీ మామూలు కావడానికి కారణం అదే.

ఇంకో మాట. గిన్నెలు తోమే డిటర్జెంట్లు వద్దు. ఆకు మీది మైనపు పొరను పాడుచేస్తాయి, కీర ఆకులు ఇట్టే మాడిపోతాయి. మొక్కలకని తయారైన పొటాషియం సబ్బు అయితే లీటరుకు పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు, డబ్బా మీద రాసినట్టు. నీళ్లు ఉప్పునీళ్లయితే సబ్బు విరిగి తేలిపోతుంది, వాననీళ్లలో కలపండి. ముందు ఒక ఆకు మీద కొట్టి మర్నాడు చూసుకోండి. మిట్టమధ్యాహ్నం అసలు వద్దు.

వేరుపట్టు:
వేపనూనె గురించి కూడా ఒక మాట. దానిలోని అజాడిరాక్టిన్ పురుగును అక్కడికక్కడే పడేసే విషం కాదు. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు, గుడ్లు తగ్గిస్తుంది. అందుకే సాయంత్రం కొట్టి పొద్దున్నే శవాలు వెతికితే నిరాశే. ఎండకు త్వరగా విరిగిపోతుంది, కలిపిన మందును దాచుకుంటే కూడా పనిచేయదు. సాయంత్రం కలిపి సాయంత్రమే కొట్టేయాలి.

నూనె వల్ల ఎన్‌కార్సియా లాంటి చిన్న పురుగులు ఆకుకు అంటుకుని చస్తాయి. అలాగని పూర్తిగా మానేయక్కర్లేదు. నల్ల పొలుసులు లేని చోట, పైచిగుళ్ల మీద దోమలు గుంపుగా ఉన్న చోట మాత్రమే వాడొచ్చు.

సూటిమాట:
సరే, తెల్లదోమ సంగతి ఒప్పుకున్నా. నల్లి సంగతేంటి? దానికి ఎవరూ ఊరికే బయటి నుంచి రారు.

కుండీలశాస్త్రి:
వస్తారు గానీ సాధారణంగా ఆలస్యంగా వస్తారు. ముందు నల్లి లెక్క చూడండి. ముప్పై డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి గుడ్లు పెట్టే ఆడనల్లి కావడానికి ఒక వారం చాలు. ఒక్కో ఆడది వంద దాకా గుడ్లు పెడుతుంది. పొడిగాలి దానికి ఇష్టం. మొలక గారి వేడి మూలలోనే ఎందుకు ముదిరిందో ఇప్పుడు అర్థమయ్యుంటుంది.

దాన్ని తినే నల్లి ఇంకొకటుంది, ఫైటోసీయులస్ పెర్సిమిలిస్. 1958లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద దొరికింది. నారింజ ఎరుపులో బేరి పండు ఆకారంలో ఉంటుంది, కాళ్లు పొడుగు, చీడనల్లి కన్నా చురుగ్గా పరిగెడుతుంది. పెద్ద నల్లులైతే రోజుకు ఐదు, గుడ్లైతే ఇరవై దాకా తింటుంది. నెదర్లాండ్స్‌లో యాన్ కాపర్ట్ అనే కీర రైతు 1960ల్లో దీన్ని తన తోటలో వాడి, తర్వాత మిత్ర పురుగుల్ని పెంచి అమ్మే కంపెనీయే పెట్టాడు. కీర, నల్లి, ఈ ఎర్ర పురుగు, ఈ మూడూ ఇప్పటికీ కలిసే ఉంటాయి.

దీని బలహీనత ఒకటే. నల్లి తప్ప ఇంకేమీ తినదు. నల్లి అయిపోతే అదీ అయిపోతుంది.

వేరుపట్టు:
ఇంకో బలహీనత కూడా ఉంది శాస్త్రి గారూ. గాలిలో తేమ అరవై శాతం కన్నా తగ్గితే దాని గుడ్లు ఎండిపోతాయి. ముప్పై డిగ్రీలు దాటితే ఆకు పైకెక్కడం మానేసి కిందికి జారుకుంటుంది. అప్పుడు చీడనల్లికేమో పండగ. వేడి మూలలో ఊరికే దీన్ని వదిలి పనిచేయలేదని తిట్టుకునేవాళ్లు చాలామంది. అలాంటి చోట నియోసీయులస్ కాలిఫోర్నికస్ అనే ఇంకో మిత్రనల్లి మేలు. అంత వేగంగా తినదు గానీ వేడికి, పొడిగాలికి ఓర్చుకుంటుంది. నల్లి దొరక్కపోతే పుప్పొడి తిని బతుకుతుంది.

తీగపందిరి:
అందుకే వేడి రోజుల్లో నేను కీర వరసకు మధ్యాహ్నం నీళ్లు పొగమంచులా కొట్టిస్తాను. నల్లికి తడి గిట్టదు, దాన్ని తినేదానికి తడి కావాలి. ఒకే పనికి రెండు లాభాలు.

నీడవల:
ఇక్కడ నేను ఒప్పుకోను తీగపందిరి అక్కా. టమాటా పక్కనే ఉందని మర్చిపోతున్నారు. ఆకు తడిగా రాత్రిలోకి వెళ్తే బూడిద రంగు బూజు వస్తుంది, నల్లి కన్నా అది ప్రమాదం. ఒక గ్రీన్‌హౌస్‌లో రెండు పంటలుంటే ఒకదానికి మందు ఇంకోదానికి రోగం అవుతుంది.

తీగపందిరి:
నిజమే, అది చెప్పాల్సింది. మధ్యాహ్నం లోపే కొట్టాలి, సాయంత్రానికి ఆకు పొడిగా ఉండాలి. టమాటా వైపు కొట్టకుండా కీర వరసల మధ్య దారిని తడిపినా చాలావరకు పని జరుగుతుంది. కిటికీలు తెరిచి ఉంచాలి.

మొలక:
ఇప్పుడు కాస్త టెన్షన్ తగ్గింది. అయితే వరస ఇదా: బాగా పాడైన కీర ఆకులు తీసేయాలి, సబ్బు కొట్టాలి, తర్వాత మిత్రనల్లిని వదలాలి? సబ్బు దాన్ని కూడా చంపదా?

కుండీలశాస్త్రి:
తడిసినప్పుడు చంపుతుంది, ఆరాక చంపదు. సబ్బులోని గొప్పతనం అదే. అందుకే ముందు సబ్బుతో నల్లి సంఖ్యను తగ్గించండి, బాగా ఆరనివ్వండి, తర్వాత వదలండి. అదే సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులు ముందు కొట్టి ఉంటే వాటి అవశేషాలు మిత్రపురుగుల్ని వారాల తరబడి చంపుతూనే ఉంటాయి, కొన్నిటివి రెండు నెలలు దాటినా. గతంలో ఏం కొట్టారో గుర్తు తెచ్చుకోండి. పొడి గంధకం చల్లినా మిత్రనల్లికి కష్టమే.

వదిలేటప్పుడు అన్నిచోట్లా సమానంగా చల్లకండి. గూడు ఉన్న మొక్కల దగ్గర ఎక్కువ, మిగతా చోట్ల కొద్దిగా. ఆకులు ఒకదానికొకటి తగులుతూ ఉంటే అవే నడిచి వెళ్తాయి, వాటికి రెక్కలుండవు.

నీడవల:
ఇంకా ఎవరూ వలల గురించి మాట్లాడలేదేంటి! కిటికీలకు సన్నటి వల, తలుపుకు రెండు దశలు, అంటే ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి. తెల్లదోమ, పేనుబంక చాలావరకు బయటే ఆగుతాయి. తామర పురుగులు మరీ సన్నం, వాటిని ఆపాలంటే ఇంకా చిన్న కన్నాల వల కావాలి, అప్పుడు గాలి ఆడదు, లోపల వేడి పెరుగుతుంది, నల్లి సంతోషిస్తుంది. అందుకే వల ఎంత సన్నగా ఉంటే కిటికీ అంత పెద్దది కావాలి. వల పెట్టేశాం కదా అని కొత్త మొక్కను నేరుగా లోపలికి తెస్తే పెట్టిన ఖర్చంతా దండగ. ఏ కొత్త మొక్కనైనా రెండు వారాలు విడిగా ఉంచి చూడాలి. మొలక గారి గులాబీలు తలుపు పక్కనే ఉన్నాయి కదా, నాకైతే మొదటి అనుమానం వాటి మీదే.

మొలక:
గులాబీల మొగ్గల కింద పచ్చటి పేనుబంక ఉంది, చీమలు కూడా తిరుగుతున్నాయి. దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

వేరుపట్టు:
చీమల్ని పట్టించుకోండి. పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసం అవి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని, చిన్న కందిరీగల్ని దగ్గరికి రానివ్వవు. కుండీ కాళ్లకు, బల్ల కాళ్లకు జిగురు పట్టీ చుట్టి చీమల్ని ఆపితే సగం పని అయినట్టే. పేనుబంకను వేళ్లతో నలిపేయొచ్చు, నీళ్ల ధారతో కొట్టొచ్చు. గ్రీన్‌హౌస్‌లోని పేనుబంక మగవాటి అవసరం లేకుండానే నేరుగా పిల్లల్ని కంటుంది, అందుకే నిన్న నాలుగు ఉన్నచోట వచ్చే వారం వందలుంటాయి. నత్రజని ఎరువు ఎక్కువైన లేత చిగుళ్లంటే దానికి మరీ ఇష్టం. మోతాదు తగ్గించండి.

తీగపందిరి:
పేనుబంకల్లో కొన్ని ఉబ్బి, గోధుమరంగులో గట్టిపడి కనిపిస్తే వాటిని నలపకండి. వాటి లోపల అఫిడియస్ అనే కందిరీగ జాతి పురుగు పెరుగుతోందన్నమాట. అక్షింతల పురుగు పెద్దదాన్ని అందరూ గుర్తుపడతారు గానీ దాని పిల్ల నల్లగా, ముళ్లతో మొసలి పిల్లలా ఉంటుంది. చీడ అనుకుని చంపేస్తుంటారు, అసలు ఎక్కువ తినేది అదే. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్లదీ అదే గొడవ, అది పిండినల్లి లాగే తెల్లటి మైనపు పోగులతో ఉంటుంది, కాకపోతే పెద్దదిగా ఉండి చురుగ్గా కదులుతుంది.

పూలబండి:
ఆలస్యంగా చూశాను. నేను జెర్బెరా పెంచుతాను, నాకు తామర పురుగులే అసలు శత్రువు, కాబట్టి మొలక గారి కాప్సికం గురించి చెబుతాను. ఇప్పుడు లేవు కదా అని ధీమాగా ఉండకండి. కాప్సికం పువ్వుల్లో దాక్కుంటాయి, ఒక పువ్వును తెల్ల కాగితం మీద దులిపి చూడండి. అవి గుడ్లను ఆకు కండలోకి దూర్చి పెడతాయి, కాబట్టి పైన ఏ మందు కొట్టినా గుడ్డుకు తగలదు. ఎదిగిన పిల్లలు ఎక్కువగా మట్టిలోకి దిగి కోశస్థ దశ గడుపుతాయి, అక్కడికీ మందు చేరదు. వైరస్ సంగతి ఇంకా దారుణం. టమాటాకు మచ్చలు తెచ్చి మొక్కను వాడిపోయేలా చేసే వైరస్‌ను పిల్లదశలో ఉన్నప్పుడే ఎక్కించుకుంటాయి, పెద్దయ్యాక చనిపోయేదాకా పంచుతూనే ఉంటాయి. వైరస్ పట్టిన మొక్కకు వైద్యం లేదు, పీకేయడమే.

నీలి జిగురు అట్టలు వీటిని బాగా లాగుతాయి, తెల్లదోమకు పసుపువి. మిత్రపురుగుల్లో అంబ్లిసీయస్ స్విర్‌స్కీ అనే మిత్రనల్లి నాకు ఇష్టం. తామర పిల్లల్ని, తెల్లదోమ గుడ్లను రెంటినీ తింటుంది, కాప్సికం పుప్పొడి తిని కూడా బతకగలదు కాబట్టి పురుగు రాకముందే వదిలి ఉంచొచ్చు. పువ్వులోకి దూరి పెద్ద తామర పురుగును చంపాలంటే ఓరియస్ అనే వేటాడే చిన్న పురుగు కావాలి.

మొలక:
పూలబండి గారూ, దులిపి చూశాను. సన్నగా పొడుగ్గా పసుపు రంగువి రెండు కనబడ్డాయి. రెండంటే మందు కొట్టాలా?

పూలబండి:
కొట్టకండి. ఒక పువ్వులో రెండు కనబడ్డాయంటే ఇంకో పది పువ్వులు చూడండి, ఎన్నిట్లో ఉన్నాయో రాసుకోండి, వచ్చే వారం అదే రోజు మళ్లీ చూడండి. జిగురు అట్టలు కూడా అంతే, వాటితో పురుగు మొత్తం పోతుందనుకోకండి, అవి మీకు లెక్క చెప్పడానికి. ఎన్‌కార్సియా బాగా తిరుగుతుంటే పసుపు అట్టలు మరీ ఎక్కువ వేలాడదీయకండి, అదీ వాటికి అంటుకుంటుంది.

సూటిమాట:
బవేరియా పొడి గురించి ఎవరూ చెప్పలేదు. సబ్బు కన్నా అది నయమంటున్నారు.

వేరుపట్టు:
బవేరియా బాసియానా శిలీంద్రం. దాని బీజాలు పురుగు ఒంటి మీద మొలిచి లోపలికి చొచ్చుకుపోతాయి. తెల్లదోమ, తామర, పేనుబంక మూడింటికీ పనికొస్తుంది. సాయంత్రం కొట్టాలి, రాత్రంతా తేమ ఉండాలి, నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. దానితో పాటు తెగుళ్ల మందు కలిపితే మన చేత్తో మనమే బీజాల్ని చంపినట్టు. అక్షింతల పురుగు పిల్లలు ఎక్కువగా ఉన్న మొక్కల మీద కొట్టకపోవడం మంచిది. సబ్బుకు పోటీ అనుకోకు అన్నా, సబ్బు ఇవాళ్టి పనికి, ఇది వచ్చే వారం పనికి.

మొలక:
ఇంకొక్క చిన్న సందేహం, తర్వాత విసిగించను. నారు కుండీల మీద నల్లటి చిన్న ఈగలు ఎగురుతున్నాయి. మొక్కను ఏమీ చేస్తున్నట్టు లేవు.

నీడవల:
అవి మట్టి ఈగలు. పెద్దవి ఏమీ చేయవు, మట్టిలో ఉండే తెల్లటి, నల్లతల పురుగులు లేత వేళ్లను కొరుకుతాయి. నీళ్లు ఎక్కువ పోస్తున్నారన్నమాట. పైమట్టి రెండు సెంటీమీటర్లు ఎండేదాకా ఆగి పోయండి. ఆలుగడ్డ ముక్క కోసి మట్టి మీద బోర్లా పెట్టి రెండ్రోజుల తర్వాత ఎత్తి చూస్తే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ఎక్కువుంటే బీటీఐ బాక్టీరియా నీళ్లలో కలిపి పోయండి, లేదా స్టైనర్నీమా ఫెల్టియే నులిపురుగులు. రెండూ మొక్కకు, మనిషికి హాని చేయవు.

మొలక:
సరే, ఇప్పటిదాకా చేసింది రాస్తున్నాను. గూడు కట్టిన కీర ఆకులు సంచిలో కట్టి తీసేశాను. వాననీళ్లలో సబ్బు కలిపి కొట్టాను. గులాబీలను వెనక వరండాలోకి మార్చాను, చీమలకు జిగురు పట్టీ వేశాను. నల్ల పొలుసుల ఆకులు మొక్కల మొదట్లో ఉంచాను, గుండ్రటి కన్నాలు చాలా కనబడుతున్నాయి. మిత్రనల్లి దొరికాక వదులుతాను. అది వచ్చాక చీడనల్లి పూర్తిగా పోవాలా, కొద్దిగా ఉండొచ్చా?

కుండీలశాస్త్రి:
కొద్దిగా ఉండనివ్వండి. మిత్రనల్లికి తిండి ఉండాలి. ఆకుకు నాలుగైదు చుక్కలున్నా కీర దిగుబడికి ఏమీ కాదు. చిగుళ్లు శుభ్రంగా వస్తున్నాయా లేదా అన్నదే చూడండి, పాత ఆకుల మచ్చలు ఎలాగూ పోవు, వాటిని చూసి మళ్లీ మందు డబ్బా పట్టుకోకండి. మిత్రనల్లి డబ్బా వచ్చిన రోజే వదిలేయండి, దాచకండి. వదిలేముందు డబ్బాలోని పొడి కాస్త తెల్ల కాగితం మీద పోసి అవి పరిగెడుతున్నాయో లేదో చూసుకోండి. కదలకపోతే ఫొటో తీసి అమ్మినవాళ్లకు పంపండి.

నీడవల:
పంట అయిపోయాక కూడా ఒక పని ఉంది. మొక్కలన్నీ పీకి, మూలల్లో కలుపు కూడా తీసి, ఖాళీ గ్రీన్‌హౌస్‌ను మూసి ఎండలో కొన్నాళ్లు ఉంచండి. తిండి లేక తెల్లదోమ పోతుంది. చలికాలానికి ముందైతే నల్లి నారింజ రంగుకు మారి కర్రల సందుల్లో, తాళ్ల ముడుల్లో నిద్రపోతుంది, అది ఆకలికి చావదు. పాత తాళ్లు తీసేసి కొత్తవి కట్టండి, కర్రలను సబ్బునీళ్లతో కడగండి.